గేరు ఎక్కడ తప్పిపోతోంది? ట్రయల్స్ బండ్ల గేరు జబ్బులపై ఒక సమీక్ష

ట్రయల్స్ పోటీలో వేగానికి మార్కులు లేవు. వాగులో బండరాళ్ళ మీదుగానో, చెట్ల వేళ్ళు పైకి తేలిన ఏటవాలు గట్టు మీదుగానో హద్దులు కట్టిన ఒక చిన్న దారి ఉంటుంది. దాన్ని సెక్షన్ అంటారు. కాలు నేల మోపకుండా ఆ దారి దాటాలి. ఒకసారి కాలు పెడితే 1, రెండుసార్లు పెడితే 2, అంతకు మించితే 3, పడిపోయినా హద్దు దాటినా 5. ఇవన్నీ తప్పుల లెక్కలు. చివరికి తక్కువ ఉన్నవారే గెలుస్తారు. అలాంటి చోట, రెండో గేరులో ఎక్కాల్సిన బండ ముందు బండి న్యూట్రల్‌లోకి జారిందంటే ఇంజిన్ గోల పెడుతుంది, చక్రం ఆగిపోతుంది, ఆ సెక్షన్ అక్కడితో సరి. రోడ్డు బండికి గేరు సరిగా పడకపోతే అది చికాకు. ట్రయల్స్ బండికి అదే జరిగితే ఆట పోతుంది, ఒక్కోసారి మోకాలూ పోతుంది.

"గేరు పడటం లేదు" అన్న ఫిర్యాదు ఒక్కటే. దాని వెనక జబ్బులు అరడజను. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరక్కపోవడం ఒకటి. మొదటి గేరు వేయగానే బండి ముందుకు దూకడం ఒకటి. తొక్కిన లివరు తిరిగి పైకి రాకపోవడం మరొకటి. పై గేర్లు పడి, కింది గేర్లు పడకపోవడం ఇంకొకటి. రెండు గేర్ల మధ్య ఫాల్స్ న్యూట్రల్ తగలడం, పడిన గేరు లోడు మీద ఎగిరిపోవడం వీటికి తోడు. బండి యజమాని అన్నిటికీ ఒకే మాట వాడతాడు. మెకానిక్ మాత్రం వాటిని విడదీయగలగాలి.

ఈ విషయంలో పని తెలిసినవాళ్ళలో మూడు ధోరణులు కనిపిస్తాయి. గేరు మొరాయిస్తే తప్పంతా క్లచ్‌దే అనేవాళ్ళు కొందరు. లివరు వెనక ఉన్న స్ప్రింగులూ రాచెట్టూ చూడమనేవాళ్ళు కొందరు. ఇంజిన్ విప్పి గేర్లు బల్ల మీద పరిస్తే తప్ప ఏదీ తేలదనేవాళ్ళు ఇంకొందరు. మూడు మాటల్లోనూ నిజం ఉంది. తేడా వచ్చేది వరసలోనే. కాలి కదలిక లివరు నుంచి గేరు దాకా ఒక గొలుసులా సాగుతుంది. ఆ కదలిక ఏ కొలికి దగ్గర తప్పిపోతోందో బయటి నుంచి లోపలికి వెతుక్కుంటూ పోవడమే సరైన వైద్యం. ఏ భాగం మార్చాలన్న ప్రశ్న ఆ తర్వాతే రావాలి.

ఈ బండి తీరు వేరు

మామూలు బండికీ దీనికీ ఉన్న తేడాలు తెలియకుండా జబ్బు పట్టుకోలేం. ట్రయల్స్ బండికి గేర్లు సాధారణంగా అయిదో ఆరో ఉంటాయి. కింది గేర్లు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉంటాయి. అవి సెక్షన్ల కోసం. పై గేర్ల మధ్య దూరం ఎక్కువ. అవి ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు వెళ్ళడానికి. అంటే రోజంతా దెబ్బ తినేవి ఒకటి, రెండు, మూడు గేర్లే. చక్రం బండకు కొట్టుకున్న ప్రతిసారీ, ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ తాకిడి నేరుగా ఆ గేర్ల మీదే పడుతుంది.

రెండో తేడా క్లచ్. ఎడమ చేతి చూపుడు వేలు ఒక్కటే లివరు మీద ఉంటుంది. ఆ ఒక్క వేలితో క్లచ్‌ను సగం పట్టి సగం వదులుతూ సెక్షన్ మొత్తం దాటుతారు. రోడ్డు బండి క్లచ్ రోజుకు పడే కష్టాన్ని ఇది గంటలో పడుతుంది. మూడో తేడా గేరు లివరు. బూటు పొరపాటున తగలకుండా దాన్ని ఫుట్‌రెస్టుకు బాగా ముందుగా అమరుస్తారు. గేరు మార్చాలంటే రైడరు కాలు కదపాల్సిందే. కాలికి అందనంత ముందుకు పెట్టిన ఆ లివరు రాళ్ళకూ మోళ్ళకూ మాత్రం బాగా అందుతుంది. ఈ బండ్లలో గేరు సమస్యలకు రాతి దెబ్బే పెద్ద కారణం కావడానికి మూలం ఇదే.

కాలి నుంచి గేరు దాకా

బూటు లివరును కదుపుతుంది. లివరు గాడుల మీద బిగించి ఉన్న షాఫ్టును తిప్పుతుంది. షాఫ్టు లోపలి చివర ఒక రాచెట్టు ఉంటుంది. దాని కొక్కెం సెలెక్టర్ డ్రమ్ము పిన్నును పట్టుకుని ఒక అడుగు తిప్పుతుంది. ఆ అడుగు పూర్తి కాగానే నక్షత్రం ఆకారంలో ఉన్న పలక మీది గుంటలో ఒక రోలరు పడి డ్రమ్మును అక్కడే నిలబెడుతుంది. ఈలోగా రిటర్న్ స్ప్రింగు లివరును మళ్ళీ మధ్యకు తెస్తుంది. డ్రమ్ము మీద వంకర గాడులు ఉంటాయి. డ్రమ్ము తిరిగితే ఆ గాడుల్లో నడిచే సెలెక్టర్ ఫోర్కులు పక్కకు జరుగుతాయి. ఫోర్కు జరిపిన గేరు పక్కనున్న గేరుతో కలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. గేరు మారడమంటే పళ్ళలో పళ్ళు కొత్తగా కలవడం కాదు. ఈ రకం గేర్‌బాక్సులో పళ్ళు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి. ప్రతి జతలో ఒక గేరు షాఫ్టుకు కట్టుబడి ఉంటే, ఇంకొకటి షాఫ్టు మీద ఉత్తినే తిరుగుతుంటుంది. ఆ ఉత్తి గేరును షాఫ్టుకు కట్టేవి గేరు పక్క ముఖం మీద పొడుచుకు వచ్చిన మొట్టెలు. మెకానిక్కులు వాటిని డాగులంటారు. ఒక గేరు డాగులు పక్క గేరు సందుల్లోకి దూరితేనే గేరు పడినట్టు. బండి నిలబడి, చక్రం కదలకుండా ఉంటే డాగు సందుకు ఎదురుగా కాక గోడకు ఎదురుగా ఉండవచ్చు. అప్పుడు ఎంత తొక్కినా గేరు పడదు. అది జబ్బు కాదు. ఇంజిన్ ఆపిన బండి మీద ఎవరైనా గేర్లు పరీక్షిస్తూ వెనక చక్రాన్ని చేత్తో తిప్పడం లేదంటే, ఆ పరీక్షకు విలువ లేదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్ని బాగున్న ఇంజిన్లు బల్ల ఎక్కాయో.

దారి చీలే పరీక్ష

బండిని స్టాండు మీద నిలబెట్టి, స్పార్క్ ప్లగ్గు తీసి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో లివరును ఒక్కొక్క గేరుకూ నడపాలి. అన్ని గేర్లూ పైకీ కిందికీ శుభ్రంగా పడి, ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తే, దోషం దాదాపు ఎప్పుడూ క్లచ్‌దే. ఇంజిన్ ఆపినా నడిపినా అదే గేరు దగ్గర అదే ఇబ్బంది వస్తుంటే దోషం సెలెక్టర్ వైపు ఉంది. ఆపి చూస్తే గేర్లన్నీ పడుతూ, ఎక్కుడులో లోడు పడ్డప్పుడు మాత్రమే గేరు ఎగిరిపోతుంటే చూపు డాగుల మీదికి, ఫోర్కుల మీదికి మళ్ళాలి. పావుగంట పట్టే ఈ పరీక్ష మూడు ధోరణుల మధ్య తగవును చాలావరకు తీర్చేస్తుంది.

క్లచ్ పూర్తిగా వదలకపోతే

క్లచ్ లివరు పూర్తిగా లాగినా ప్లేట్లు ఒకదాన్నొకటి వదలకపోతే ఇంజిన్ తిప్పుడు కొంత గేర్‌బాక్సుకు అందుతూనే ఉంటుంది. డాగుల మీద ఆ ఒత్తిడి ఉన్నంతసేపూ అవి జారి బయటికి రావు. అందుకే ఆగినచోట న్యూట్రల్ దొరకదు, మొదటి గేరు వేస్తే బండి దూకుతుంది.

ఈ లక్షణం ఎప్పుడు కనిపిస్తోందో గమనిస్తే కారణం సగం తెలిసిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పట్టేసి, వేడెక్కాక బాగుంటే అది ప్లేట్ల మధ్య ఆయిలు జిగట. బండి కొన్ని వారాలు కదలకుండా ఉన్నా ఇంతే. స్టార్ట్ చేసే ముందు గేరులో వేసి, క్లచ్ లాగి బండిని ముందుకూ వెనక్కూ ఊపితే ప్లేట్లు విడిపోతాయి. చల్లగా బాగుండి, వేడెక్కాక పట్టేస్తుంటే వంగిన స్టీలు ప్లేటునో, హైడ్రాలిక్ గొట్టంలోని గాలినో అనుమానించాలి. స్టీలు ప్లేటును మందపాటి గాజు పలక మీద పెట్టి, చుట్టూ ఫీలర్ గేజి దూర్చి చూస్తే వంపు బయటపడుతుంది. ఎంత వంపు వరకు ఫర్వాలేదో ఆ బండి మాన్యువల్ చెబుతుంది.

హైడ్రాలిక్ క్లచ్‌లో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది ద్రవం. కొన్ని మాస్టర్ సిలిండర్లకు మినరల్ ఆయిలు పోయాలి, కొన్నిటికి బ్రేకు ఆయిలు. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకొకదాంట్లో పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోతాయి. తర్వాత ఎన్ని ప్లేట్లు మార్చినా లాభం ఉండదు. రెండోది లివరు సర్దుబాటు. వేలికి దగ్గరగా రావాలని స్క్రూ తిప్పుతూ పోతే లివరు ఆట (ఖాళీగా కదిలే మేర) మరీ ఎక్కువైపోయి, లాగినంత మేరా ప్లేట్లు విడిపోవు. అసలు ఆటే లేకుండా చేస్తే పిస్టను పూర్తిగా వెనక్కి రాదు, వేడికి ద్రవం వ్యాకోచించి క్లచ్ జారుతుంది. గొట్టంలో గాలి పోగొట్టడానికి సిరంజితో కింది నుంచి పైకి ద్రవం ఎక్కించడం మేలు. గాలి బుడగ సహజంగా పోయే దారి కూడా అదే.

క్లచ్ విప్పితే మూడు చోట్ల చూడాలి. బాస్కెట్ వేళ్ళ అంచుల మీద ప్లేట్లు కొరికిన గంట్లు ఉన్నాయా? ఉంటే ప్లేట్లు వాటిలో చిక్కుకుని వదలవు. తేలికపాటి గంట్లను సన్న ఆకురాయితో సాపు చేయవచ్చు, లోతైనవి ఉంటే బాస్కెట్ మార్చాల్సిందే. ఫ్రిక్షన్ ప్లేట్ల ముక్కల అంచున ఎండిన జిగురు బయటికి ఉబ్బి ఉందా? కొన్ని మోడళ్ళలో కొత్త ప్లేట్లతోనే ఈ ఇబ్బంది వస్తుంది. ఆ జిగురును జాగ్రత్తగా గీకేస్తే క్లచ్ విడిపోయే తీరే మారిపోతుంది. చివరగా, ప్లేట్ల దొంతర మందం మాన్యువల్ లెక్కకు సరిపోతోందా? ప్లేట్లు కొద్దిగా అరిగినా క్లచ్ నడత మారే బండ్లు ఉన్నాయి.

ఆయిలు మీద వాదం

ట్రయల్స్ వాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగవు గేర్‌బాక్సు ఆయిలు గురించి. పలచని ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిలు) పోయాలని ఒకరు, తేలికపాటి గేర్ ఆయిలు చాలని ఒకరు, మోటారు సైకిల్ ఇంజిన్ ఆయిలే మంచిదని మరొకరు. ఈ వాదానికి చోటు ఉండటానికి ఒక కారణం ఉంది. టూ స్ట్రోక్ బండిలో గేర్‌బాక్సు ఆయిలు క్రాంకు వైపు పోదు. గేర్లనూ క్లచ్‌నూ తడపడమే దాని పని. అందుకే పలచని ఆయిలుతో చల్లటి పొద్దున క్లచ్ విడిపోవడం నిజంగానే మెరుగుపడుతుంది. ఇంజిన్ ఆయిలు వాడేవాళ్ళు డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు చూసుకోవాలి. తడి క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే గుర్తు అది. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిలు పోస్తే క్లచ్ జారుతుంది.

నా మటుకు తీర్పు ఇది: మాన్యువల్ చెప్పినదానితో మొదలుపెట్టాలి, ఆయిలు మార్చి చూడటాన్ని ఒక పరీక్షగా వాడాలి. ఆయిలు మార్చగానే బాగైతే జబ్బు జిగటది. బాగవకపోతే ఖరీదైన మరో డబ్బా కొనడంలో అర్థం లేదు. వంగిన ఫోర్కును ఏ ఆయిలూ సాపు చేయలేదు. ఈ బండ్లలో పట్టే ఆయిలు అర లీటరుకు అటూ ఇటూ మాత్రమే. అంత కొద్ది ఆయిలు త్వరగా చెడుతుంది కాబట్టి తరచూ మార్చాలి. తీసిన ఆయిలు పాలలా తెల్లగా ఉంటే వాగు నీరో, వాటర్ పంపు సీలు దాటిన కూలెంటో లోపలికి చేరింది. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిదలాంటి పొడి ఉంటే అది మామూలు అరుగుదల. మెరిసే పెంకులో, అంచు ఉన్న ముక్కలో కనిపిస్తే గేర్‌బాక్సు లోపలి నుంచి కబురు వచ్చినట్టే.

లివరు, స్ప్రింగు, రాచెట్టు

సెలెక్టర్ వైపు వెతుకులాట లివరు నుంచే మొదలవ్వాలి. నేను ఒక పాత టూ స్ట్రోక్ ట్రయల్స్ బండి మీద పని చేసినప్పుడు ఈ మాట విలువ తెలిసింది. రెండు నుంచి మూడుకు వేస్తే ఒక్కోసారి పడేది, ఒక్కోసారి పడేది కాదు. క్లచ్ కవరు తీశాను, క్లచ్ విప్పాను, రాచెట్టు బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశాను. అన్నీ బాగున్నాయి. తిరిగి బిగిస్తుంటే లివరు వెనక ఇంజిన్ కవరు మీద గోరంత మేర రంగు పోయి, లోహం వెండిలా మెరుస్తూ కనిపించింది. లివరు ఎప్పుడో రాయికి తగిలి లోపలికి వంగింది. పైకి ఎత్తినప్పుడల్లా కవరుకు రాసుకుని, పూర్తి అడుగు వేయకుండానే ఆగిపోతోంది. లివరు విప్పి, వైసులో పట్టి సరిచేసి బిగిస్తే జబ్బు పోయింది. ఆ మెరుపు ముందే చూసి ఉంటే ఒక సాయంత్రం మిగిలేది.

అందుకే ముందు లివరు తీయాలి. దాని గాడులూ షాఫ్టు గాడులూ అరిగి జారుతున్నాయేమో చూడాలి. లివరును బండి మీదే ఉంచి సుత్తితో కొట్టి సరిచేయకూడదు. ఆ దెబ్బ షాఫ్టుకూ లోపలి పిన్నుకూ తగులుతుంది. షాఫ్టును చేత్తో తిప్పితే రెండు వైపులా సమానంగా కదిలి, వదలగానే గట్టిగా మధ్యకు రావాలి. రాకపోతే మూడు అనుమానాలు: రిటర్న్ స్ప్రింగు విరిగింది, లేదా స్ప్రింగు కాళ్ళ మధ్య ఉండే పిన్ను వదులైంది, లేదా రాతి దెబ్బకు షాఫ్టు వంగి బుష్షులో బిగుసుకుంది.

చాలా టూ స్ట్రోక్ ఇంజిన్లలో ఈ భాగాలు క్లచ్ వెనకే ఉంటాయి. పెట్రోలు కారకుండా చూసుకుని బండిని ఎడమ పక్కకు పడుకోబెడితే ఆయిలు తీయకుండానే క్లచ్ కవరు విప్పవచ్చు. గేర్లు పైకి పడి కిందికి పడకపోతే, లేదా కిందికి పడి పైకి పడకపోతే, రాచెట్టు కొక్కెం ఒక వైపు అరిగిందని గానీ, మధ్య స్థానం తప్పిందని గానీ అర్థం. 1970ల యమహా టూ స్ట్రోక్ ఇంజిన్లలో, టీవై ట్రయల్స్ బండితో సహా, దీనికి ఒక సర్దుబాటు స్క్రూ ఉండేది. కొక్కేనికీ డ్రమ్ము పిన్నులకూ మధ్య రెండు వైపులా సందు సమానం అయ్యేలా దాన్ని తిప్పి బిగించేవారు. సర్దుబాటు లేని ఇంజిన్లలో భాగం మార్చడమే దారి. ఫాల్స్ న్యూట్రల్ ఎక్కువగా తగులుతుంటే రోలరు స్ప్రింగు బలం తగ్గిందేమో, నక్షత్రం పలక బోల్టు వదులైందేమో చూడాలి. ఈ రెండూ చిన్న భాగాలే. వీటిని చూడకుండా ఇంజిన్ చీల్చడం తొందరపాటు.

ఇంజిన్ విప్పక తప్పనప్పుడు

పైవన్నీ బాగుండి, లోడు మీద గేరు ఎగిరిపోతుంటే ఇక విప్పాల్సిందే. చాలా ట్రయల్స్ ఇంజిన్ల కేసు నిలువునా రెండు చిప్పలుగా ఉంటుంది. గేర్లను చూడాలంటే ఇంజిన్ ఫ్రేము నుంచి దిగి, క్రాంకు సహా అంతా విడాలి. అందుకే ఇది చివరి మెట్టు.

లోపల చూడాల్సిన వాటిలో మొదటివి డాగులు. కొత్త డాగు అంచు పదునుగా ఉంటుంది. మంచి డాగులను పక్కలకు రెండు మూడు డిగ్రీల వాలుతో కోస్తారు. లోడు పడ్డకొద్దీ రెండు గేర్లూ ఒకదాన్నొకటి దగ్గరికి లాక్కునేలా చేసే ఏర్పాటు అది. అంచులు గుండ్రంగా అరిగిపోతే అదే లోడు వాటిని విడదీసి తోసేస్తుంది. అరిగిన డాగుకు ఎదురు గేరు సందు కూడా అరిగే ఉంటుంది కాబట్టి జత మొత్తం మార్చాలి. ఒక్కటే మారిస్తే కొత్తది పాతదాని దారినే పోతుంది.

రెండోవి ఫోర్కులు. కొనలు నీలి రంగు తేలితే అవి రాపిడికి కాలాయని అర్థం. వంగిన ఫోర్కు తన కడ్డీ మీద సాఫీగా జారదు, గేరును సగం దాకా మాత్రమే తోస్తుంది. అలా సగం పడిన గేరే కొద్ది వారాల్లో డాగులను తినేస్తుంది. కాబట్టి డాగులు మార్చి వంగిన ఫోర్కును అలాగే వదిలేస్తే మళ్ళీ అదే ఇంజిన్‌ను విప్పాల్సి వస్తుంది. డ్రమ్ము గాడుల అంచులు, షాఫ్టు మీది లాక్ రింగులు, వాషర్ల వరస చూసి, బిగించేటప్పుడు ప్రతి వాషరూ ఉన్నచోటనే పెట్టాలి. రెండు చిప్పలూ మూసేముందు షాఫ్టు తిప్పుతూ గేర్లన్నీ ఒకసారి వేసి చూసుకోవాలి.

పాత బండ్ల పాఠం

ఈ ఆటకూ మన రోడ్లకూ ఒక చుట్టరికం ఉంది. స్వింగింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నమూనా బండ్లు మొదట కనిపించింది 1948లో ఇంగ్లండ్‌లోని కోల్మోర్ కప్ ట్రయల్‌లోనే. స్కాట్లండ్‌లో ఫోర్ట్ విలియం చుట్టూ జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను జానీ బ్రిటన్ 1952లోనూ 1957లోనూ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద గెలిచాడు. తర్వాత మద్రాసులో తయారైన బుల్లెట్ ఆ కుటుంబానిదే.

కుడి కాలితో గేరు మార్చే పాత బుల్లెట్‌కు అల్బియన్ గేర్‌బాక్సు ఉండేది. న్యూట్రల్ కోసం దానికి విడిగా ఒక చిన్న లివరు. బుల్లెట్ నడిపిన మన పెద్దవాళ్ళకు మడమతో దాన్ని తన్నడం అలవాటే. ఆ గేర్‌బాక్సు కవరు కింద స్టాప్ ప్లేటు ఒకటి ఉంటుంది. దాని రంధ్రాలు పొడవుగా ఉంటాయి. పైకి గేరు సరిగా పడి కిందికి తప్పుతుంటే నట్లు వదులు చేసి, ప్లేటును కాస్త జరిపి బిగిస్తే రెండు వైపులా అడుగు సమానమవుతుంది. యమహా స్క్రూ చేసే పనీ ఇదే. సూత్రం ఎక్కడైనా ఒకటే: లివరు మధ్యలో ఉన్నప్పుడు కొక్కెం కూడా సరిగ్గా మధ్యలో ఉండాలి.

1965లో సామీ మిల్లర్ స్పెయిన్ బుల్టాకో మీద స్కాటిష్ గెలవడంతో బరువైన ఫోర్ స్ట్రోక్‌ల కాలం ముగిసి, తేలికైన టూ స్ట్రోక్‌ల కాలం మొదలైంది. ఆ తరం బండ్లు చాలావాటికి గేరు లివరు కుడి వైపే. 1974 సెప్టెంబరు నుంచి తయారయ్యే బండ్లకు ఎడమ వైపే ఉండాలని అమెరికా నిబంధన పెట్టింది. ఉన్న ఇంజిన్‌నే అటు తిప్పాల్సి వచ్చిన తయారీదారులు కొందరు అడ్డంగా ఒక షాఫ్టో కడ్డీయో పెట్టారు. గొలుసులో ఒక కొలికి పెరిగిందంటే ఆట చేరే చోటు ఒకటి పెరిగినట్టే. అలాంటి పాత బండి గేరు తప్పుతుంటే ముందు చూడాల్సింది ఆ అడ్డ షాఫ్టు బుష్షులనూ కీళ్ళనూ.

విప్పకముందు అయిదు ప్రశ్నలు

ఇవన్నీ బేరీజు వేస్తే తేలేది ఇది. క్లచ్ ముందా సెలెక్టర్ ముందా అన్న తగవుకు బండి చూడకుండా జవాబు లేదు. కాబట్టి స్పానరు పట్టేముందు అయిదు జవాబులు కాగితం మీద రాసుకోవాలి. ఏ గేరు నుంచి ఏ గేరుకు తప్పుతోంది? పైకి వేసేటప్పుడా, కిందికా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఇంజిన్ ఆపినా అంతేనా? లోడు మీదనా, లోడు లేనప్పుడు కూడానా? ఆ తర్వాత లివరు, క్లచ్ సర్దుబాటు, ఆయిలు, క్లచ్ కవరు లోపలి భాగాలు, చిట్టచివర గేర్లు. ఈ వరసలో ప్రతి మెట్టూ ముందు మెట్టు కంటే ఖరీదైనది, ఎక్కువ సమయం తినేది.

విప్పిన భాగాలు ఏది ఎంత అరిగిందో చూపిస్తాయి, అంతే. ఆ అరుగుదలే గేరును తప్పించిందా అన్నది వాటిలో ఉండదు. ఏ గేరు, ఏ వేడిలో, ఏ లోడు మీద తప్పిందో ఆ ఇంజిన్‌ను అడగడానికి ఇక వీలుండదు. ఆ కబురు నడిచే బండి దగ్గరే ఉంటుంది, అది నడుస్తున్నప్పుడే అడిగి రాసుకోవాలి.